మిక్సీ నిర్దోషి

జూన్ 8, ఆదివారం

ఈ ఇంట్లో వంట ఆగిపోయి నేటికి డెబ్బై ఒక్క రోజులు. భావి చరిత్రకారుల సౌకర్యార్థం నమోదు చేస్తున్నాను.

పుష్పలతక్క మా పెద్దమ్మ కూతురు. వెల్లింగ్టన్ పక్కన లోవర్ హట్‌లో ఆవిడ ఫ్లాట్‌లో ఒక చిన్న గది నాది. మార్చిలో డాక్టరు, షుగర్ బోర్డర్‌లో ఉంది, తిండి చూసుకోమన్నారు. అక్క చూసుకుంది. అన్నం, పప్పు, పాలు, పెరుగు ఒక్క పూటలో రద్దు. అన్నీ పచ్చివే తినాలి, నలభై రెండు డిగ్రీలు దాటితే అది తిండి కాదు శవం అని ఎవరో వీడియోలో చెప్పారట. పొద్దున పాలకూర, క్యారెట్, యాపిల్ స్మూతీ. సాయంత్రం అదే, యాపిల్ లేకుండా.

సంఘీభావంగా నేనూ తాగుతున్నాను. మా ఆఫీసు పక్కన ఫిష్ అండ్ చిప్స్ షాపు ఉన్న సంగతి ఈ డైరీ దాటి బయటికి పొక్కకూడదు.

జూన్ 10

అక్క నీరసంగా ఉందంది. వెల్లింగ్టన్‌లో రెస్ట్ హోమ్ ఉద్యోగం. పొద్దస్తమానం ముసలివాళ్ళని లేపడం, కూర్చోబెట్టడం. నీరసం రాకపోతేనే వింత అన్నాను. అది కాదురా, మిక్సీలో వేస్తే విటమిన్లన్నీ చచ్చిపోతాయట, మా డ్యూటీలో స్పందన చెప్పింది, చదువుకున్నావు కదా కాస్త కనుక్కుని ఏడు అంది.

నా బీటెక్ దేనికి పనికొస్తుందో ఇన్నాళ్ళకి తెలిసింది.

జూన్ 11, ఉదయం 7:40, ట్రైన్‌లో

విచారణ పూర్తయింది. పీచు ఎక్కడికీ పోదు, ముక్కలు చిన్నవవుతాయి, అంతే. వడకట్టి పారేస్తేనే పోయేది. సి విటమిన్ గాలి తగిలి కొంచెం తగ్గుతుంది, వెంటనే తాగేస్తే పెద్ద నష్టమేమీ లేదు. క్యారెట్‌లో సరుకు మెత్తగా నలిగితే ఒంటికి ఇంకా బాగా పడుతుంది. తీర్పు: మిక్సీ నిర్దోషి.

పక్క సీట్లో ఉన్న అక్కకి చదివి వినిపించాను. మరి నా కాళ్ళెందుకురా దూదిలా ఉన్నాయి అంది. కాళ్ళు నా విచారణ పరిధిలోకి రావన్నాను.

జూన్ 15, ఆదివారం

కేసులో కొత్త మలుపు. అక్క స్మూతీ చేస్తుంటే మొదటిసారి దగ్గరుండి చూశాను. ఏడు నిమిషాలు తిప్పింది. విజయవాడ నుంచి దుప్పట్లో చుట్టి తెచ్చుకున్న మిక్సీ, గారెల పిండి రుబ్బిన చెయ్యి. వెన్నలా రాకపోతే ఆపదు. ముక్కలు తగిలితే మా అమ్మ నవ్వుతుందిరా అంటుంది. మీ అమ్మ ఇక్కడికొచ్చి పాలకూర స్మూతీ ఎందుకు చూస్తుందే అన్నాను.

గ్లాసు పట్టుకుంటే వెచ్చగా ఉంది. జ్వరం చూసే థర్మామీటర్ ముంచాను. నలభై రెండు దాటితే దానికి అంకెలు రావు, H అని చూపిస్తుంది. చూపించింది. డెబ్బై ఎనిమిది రోజులుగా మేం తాగుతున్నది పచ్చిది కాదు, జ్వరం వచ్చిన పాలకూర.

ఇద్దరం నేలమీద కూర్చుని నవ్వాం. అక్క లేవడానికి కుర్చీ పట్టుకోవాల్సి వచ్చింది.

జూన్ 17

మిక్సీ అటకెక్కింది. ఇకపై నమలడమే.

జూన్ 20, ‘మతారికి’, ఇక్కడివాళ్ళ కొత్త సంవత్సరం సెలవు

రెండు క్యారెట్లు, ఒక కట్ట ఆకు: నలభై అయిదు నిమిషాలు. అక్క సగంలో వదిలేసింది. దవడలు పీకుతున్నాయంది. మిక్సీయే నయం కదే, కనీసం కడుపులోకి వెళ్ళేది అన్నాను. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయిరా, చలికేమో అంది. ఆవులు కూడా నమిలి నమిలి ఇలాగే నిలబడిపోతాయి అన్నాను. నవ్వలేదు.

బయట ఇక్కడి చలికాలపు వాన అడ్డంగా కొడుతోంది. నాకూ ఓపిక లేదు. చిప్స్ తిన్నవాడికే ఇలా ఉంటే.

జూన్ 24

మధ్యాహ్నం స్పందన ఫోన్ చేసింది. మంచం మీంచి కుర్చీలోకి మారుస్తుంటే అక్క చేతులు పట్టు తప్పాయట, ముసలావిడ మెల్లగా కార్పెట్ మీదికి జారిందట. ఆవిడకేం కాలేదు. కూర్చున్నచోటి నుంచే, నీ మొహం పాలిపోయింది పిల్లా, టీ తాగు అందట. మేనేజరు మాత్రం డాక్టర్ లెటర్ తెచ్చేదాకా రావద్దంది.

అక్క ఇంటికొచ్చి యూనిఫాం విప్పకుండా కూర్చుంది. ఎనిమిదేళ్ళలో ఒక్కళ్ళని కూడా పడేయలేదురా అంది. ఆ మాటే నాలుగుసార్లు.

జోకులేమీ రాలేదు. వెతికాను కూడా.

జూన్ 27

బ్లడ్ రిజల్ట్స్. షుగర్ తగ్గింది. అక్క మొహం వెలిగింది. మూడు నెలల్లో ఆవిడ అడిగింది అదొక్కటే.

తర్వాత డాక్టరమ్మ స్క్రీన్ మా వైపు తిప్పింది. బి ట్వెల్వ్ దాదాపు లేదు. ఎప్పటి నుంచో తక్కువే ఉండి ఉంటుంది, పాలు పెరుగు కూడా మానేసేసరికి అడుగంటింది అంది. అక్క వెంటనే, మిక్సీలో పోయిందా అని అడిగింది. డాక్టరమ్మకి మిక్సీ అంటే అర్థం కాలేదు. బ్లెండర్ అన్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది: ఆకుల్లో, క్యారెట్లలో అది అసలు ఉండదు. వేయనిది ఎలా పోతుంది?

రుబ్బితే ఏం పోతుందని నేను ఒక రాత్రంతా చదివాను. గ్లాసులో ఏం లేదో ఒక్కసారీ చూడలేదు. తప్పు ప్రశ్నకి ఫస్ట్ క్లాసులో పాసయ్యాను.

కాళ్ళ తిమ్మిరి ఎన్నాళ్ళ నుంచి అని ఆవిడ అడిగింది. నెల అంది అక్క. నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

రోజు విడిచి రోజు ఇంజెక్షన్. నరాలు పూర్తిగా కుదురుకుంటాయా అంటే, చూద్దాం అంది.

జూలై 1

పెరుగు. కప్పు నిండా. ఇద్దరం తిన్నాం. షుగర్ మళ్ళీ పెరుగుతుందేమోరా అంది. పెరిగితే అప్పుడు డాక్టర్నే అడుగుదాం, నన్ను కాదు అన్నాను.

జూలై 14, సోమవారం

అక్క మళ్ళీ డ్యూటీకి. సగం రోజే, ఎవరినీ ఎత్తకూడదు. తిరుగు ట్రైన్‌లో నా భుజం మీద నిద్రపోయింది, ఒళ్ళో సగం తిన్న చీజ్ పఫ్. మా స్టేషన్ వచ్చింది. లేపలేదు. లైను చివర అప్పర్ హట్ దాకా వెళ్ళాం. అక్కడ మాకెవరూ లేరు.