తగలని దెబ్బ

గుడియాత్తం, 1994

మామా,

వేలాయుధం తిరిగొస్తే మన కర్రసాము దళం ఎందుకు బెదిరిందని అడిగారు. వాడు జైలుకు పోయి, మీరు ఆంబూరు వెళ్ళాక ఊరికి మన కావలి అవసరం లేకపోయింది. తిరునాళ్ళలో ఆట చూపిస్తూ బతికాం. ఆటలో కర్ర ఒంటిదాకా వెళ్ళి ఆగాలి, ఎవరికీ తగలకూడదు.

మీరు పట్టించిన ఆ దోపిడీదొంగ వేలూరు జైలు నుంచి విడుదలై, సోమవారం మేము సాము చేసే చోటికే వచ్చాడు. "కొట్టండప్పా" అంటూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మనలో మేటి అయిన యోగానంద్ కోపంతో వాడి తలమీదికి కర్ర తిప్పాడు. అది వాడి కణత దగ్గర ఆగిపోయింది. వాడు రెప్పయినా వేయలేదు.

"ఆదివారం మావాళ్ళను పిల్చుకోని వస్తా. అడ్డమొచ్చేవాడు యాడుండాడు?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

"కొట్టాలనే తిప్పినాను, చెయ్యి ఆగిపోయె" అని యోగానంద్ ఏడ్చాడు.

వెంటనే రండి మామా. ఆదివారంలోగా మాకు కొట్టడం నేర్పాలి.

మీ మేనల్లుడు