రెండో పక్క బరువు

మేడ మీద గదిలో తలుపేసుకున్న శ్రీ జనార్దనరావు గారికి,

కింద వంటింట్లోంచి మీ భార్య రాస్తున్నది. ముందు రసం అన్నం తినండి, చల్లారిపోతుంది. ఉత్తరం చల్లారదు. ఒకే ఇంట్లో ఉండి ఈ ఉత్తరాలేంటని ముఖం చిట్లించకండి. మాట్లాడితే ఆయాసం వస్తుంది, మాట్లాడొద్దు అని డాక్టరమ్మ చెప్పింది. ఫోన్‌లో మెసేజ్ పెడితే రెండు నీలం గీతలు పడతాయి తప్ప జవాబు రాదు. కాగితమైతే మీరు విప్పిన చప్పుడైనా తలుపు ఇవతలికి వినిపిస్తుంది.

అసలు సంగతికి వస్తాను. ఇవాళ పొద్దున మనింటి ముందు ఒక కారు ఆగింది. దాని వెనక ట్రైలరు, ట్రైలరు మీద పొడుగాటి తెల్ల సొరకాయల్లాంటివి రెండు, వాటి మధ్య నులకమంచంలా బిగించిన వల, పక్కన కరెంటు స్తంభమంత గొట్టం. మాస్కు పెట్టుకున్న ఒక ముసలాయన కంచె అవతల నిలబడి, "ఫ్రావ్ రావ్? మీ కాటమరాన్ తెచ్చాను" అన్నాడు. ఫ్రావ్ రావ్ అంటే శ్రీమతి రావు, నేనే; కాటమరాన్ అంటే ఈ జంట పడవట. పేరు ఓపిట్జ్ అట, ష్వెరీన్ దగ్గర్నుంచి వచ్చాడట. నేను నాకొచ్చిన జర్మన్లో, "మాది కాదు బాబూ, మేం ఇంకా సైకిలు దగ్గరే ఉన్నాం" అన్నాను. ఆయన ఫోన్‌లో మీరు రాసినవి చూపించాడు. పేరు మీదే, వీధి మనదే. కొని పది రోజులైందట. నాతో మాట మాత్రం అనలేదు మీరు.

లాక్‌డౌనని వెళ్లి చూడకుండా ఫొటోలు చూసి కొనేశారట కదా! పెళ్లిచూపుల్లో నన్ను నడవమన్నారు, పాడమన్నారు, మీ మేనత్త నా జడ నిజమైనదో కాదో లాగి చూసింది. ఈ పాత పడవని మాత్రం ఒక్కరూ వేలితో నొక్కి చూడలేదు. మా కాకినాడలో తెప్ప కొనేవాడు కూడా దుంగ మీద తట్టి చూస్తాడు. మీకు తెరచాప ఎటు కడతారో తెలీదు. ఈత సగమే వచ్చు, ఆ సగం కూడా కాళ్లు నేలకి ఆనినంత వరకే.

ఇప్పుడు మన తోటలో తోట లేదు, పడవ ఉంది. నా కొత్తిమీర మడి దాని చక్రం కింద ఉంది. మీతో పాటు నాకూ క్వారంటైన్ కాబట్టి నేను గేటు దాటలేదు, ట్రైలరుని ఆయనే లోపలికి నెట్టి వెళ్లాడు. ఆరోగ్యశాఖ ఆవిడ రోజూ ఫోన్ చేసి ఇంట్లోనే ఉన్నారా అని అడుగుతుందిగా, రేపు అడిగితే "ఉన్నామమ్మా, ఓడతో సహా" అని చెప్తాను.

పళ్లెం బయట పెట్టినప్పుడు తలుపు మీద కొట్టండి. ఒకసారి కొడితే బాగానే ఉన్నట్టు. రెండుసార్లు కొడితే నేను అంబులెన్సుకి ఫోన్ చేసేస్తాను, తర్వాత కాదంటే కుదరదు.

మీ ఇంట్లోనే ఉంటున్న, మీకు ఏ సంగతీ చెప్పాలనిపించని
రత్నకుమారి

*

ఏమండీ,

ఇవాళ పొద్దున పళ్లెం బయటికొచ్చింది గాని మీరు తలుపు కొట్టలేదు. మీరు మర్చిపోయుంటారని నాకు తెలుసు. అయినా మెట్ల మీద నిలబడిపోయాను. పొయ్యి మీద పాలు పొంగి కారిపోతున్న వాసన వస్తోంది, అయినా దిగలేదు. చివరికి లోపల దగ్గు వినిపించింది. మీ దగ్గు వినిపిస్తే ఇంత సంతోషపడే రోజు వస్తుందని ఎవరైనా చెప్పుంటే నోరు మూసుకోమనేదాన్ని. ఆ తర్వాత ఎప్పటికో ఒక దెబ్బ వినిపించింది. కిందికొచ్చి స్టవ్ తుడుచుకుంటూ ఏడ్చాను. సరే, అది వదిలేయండి.

నేను ఇంటర్ తప్పిన దాన్ని. పిల్లల బడిలో, వంటగదిలో కేరెట్లు తరుగుతాను. మీ ఆఫీసు భాష నాకు రాదు. నాకొచ్చిన విద్య ఒక్కటే, మిమ్మల్ని నవ్వించడం. పెళ్లయిన కొత్తలో మీ నాన్నగారి పొడుం డబ్బాలో మిరియాల పొడి పోసిన దగ్గర్నుంచి మొన్నమొన్నటి దాకా ఆ విద్యే తిని బతికాం మనిద్దరం. డిసెంబరులో మీ స్నేహితుడు లక్ష్మణరావు గారు పోయారు. కెమ్నిట్జ్ ఆసుపత్రిలోకి ఎవర్నీ రానివ్వలేదు. ఆయన్ని సాగనంపడం మనం లాప్‌టాప్‌లోనే చూశాం. అయిపోగానే మీరు దాన్ని మూసి, అదే తెరలో ఆఫీసు మీటింగు తెరిచారు. అదీ నేను చూశాను. ఆరోజు చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్లు మళ్లీ తీసినట్టు నాకు గుర్తు లేదు.

నేను ఊరుకోలేదు. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు మా అమ్మ పట్టుచీర వాక్యూమ్ క్లీనరుకి కట్టి, బొట్టు పెట్టి, మీ మీటింగు నడుస్తుండగా మీ వెనక నించి గుర్రుమనిపిస్తూ నడిపించాను. మీ మేనేజరు పగలబడి నవ్వాడు. మీరు నా వైపు తిరక్కుండానే కెమెరా ఆపేశారు. తిట్టుంటే బాగుండేది. ఆ చీర మడత పెట్టుకుంటూ, ఇక ఈ ఇంట్లో నాకు పని లేదనుకున్నాను.

ఈ పడవెందుకో నాకు తెలీదనుకోకండి. బార్లెబర్ చెరువు ఒడ్డున మీరూ లక్ష్మణరావు గారూ బీరు తాగుతూ అనుకునేవారు. "రిటైరయ్యాక ఒక పడవ కొందాం బావా, ఆడవాళ్లని ఒడ్డున కూచోబెట్టి మనం పోదాం" అని ఆయన అనేవాడు. నేను వెనకే పకోడీలు వేయిస్తున్నాను, విన్నాను. మీరు ఆయన కోసం కొన్నారు. ఆ వల మీద ఆయన చోటు ఖాళీగా ఉంచి, ఒక్కరే నీళ్ల మధ్యకి పోదామని కొన్నారు. పోయినవాడి మీద నాకు ఈర్ష్య ఏమిటని సిగ్గేస్తోంది. కానీ ఉంది. బతికున్న నాకు ఒడ్డే గతి అయింది.

అందుకని ఒక పని చేశాను. మీ పడవని నెట్‌లో అమ్మకానికి పెట్టేశాను. "యజమానికి ఈత రాదు, భార్యకి ఓపిక లేదు" అని రాశాను. శనివారం మన క్వారంటైన్ అయిపోతుంది, ఆరోజు ఒకాయన వచ్చి చూసుకుంటానన్నాడు. ఇంకో మాట. మీ ఊపిరి నిలదొక్కుకున్నాక, విమానాలు సరిగ్గా తిరిగాక, రాజమండ్రిలో మా శాంతక్క దగ్గరికి వెళ్లిపోతాను. నా వేళాకోళాలన్నీ మీకు తెలుసు. ఇది వాటిలో ఒకటి కాదు.

రత్నకుమారి

*

కిటికీలో నిలబడ్డ మనిషికి,

మీరు పైనించి చూశారు గాని మాటలు వినపడి ఉండవు. అందుకని అంతా రాస్తున్నాను.

ఓపిట్జ్ గారు మళ్లీ వచ్చాడు, చుక్కాని ఆయన షెడ్డులో ఉండిపోయిందట. కంచె మీంచి అందించాడు. నేను, "మీకెందుకు శ్రమ, దీన్ని అమ్మేస్తున్నాం" అన్నాను. ఆయన మాస్కు పైన కళ్లు పెద్దవయ్యాయి.

"ఎందుకు? మీకు భయమా?"

"నాకేం భయం? నేను ఒడ్డున కూచునే దాన్ని."

"ఒడ్డున ఎలా కూచుంటారు? ఇది ఒక్కరు నడిపేది కాదమ్మా. గాలి వీచినప్పుడు ఒక పక్క లేచిపోతుంది. అప్పుడు రెండో మనిషి ఆ పక్క కూచుని బరువు వెయ్యాలి. మీ ఆయన నన్ను పడవ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎప్పటిది, ఎక్కడ దెబ్బ తింది, ఏమీ లేదు. అన్నీ మీ గురించే అడిగాడు. నా భార్యకి ఈత రాదు, ఫర్వాలేదా? నా భార్య డెబ్బై ఎనిమిది కిలోలు, మరీ బరువా? బరువుంటేనే మంచిదని రాశాను. చాలా సంతోషమని జవాబిచ్చాడు."

పరాయి మగాడికి నా బరువు చెప్పారా! అని నేను తెలుగులో అరిచాను. ఆయనకి అర్థం కాలేదు, తలూపాడు. తర్వాత నేను వల మీద చెయ్యేసి కాసేపు అటు తిరిగి నిలబడ్డాను. గాలికి కళ్లలో ఏదో పడింది. గాలి లేదులెండి.

నాకు ఒక పద్ధతి తెలుసు. కొత్త బండి వస్తే పూజ చేయాలి. లోపలికి వెళ్లి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, ఉగాదికి తెప్పించి ఫ్రిజ్‌లో మర్చిపోయిన కొబ్బరికాయ తెచ్చాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. పడవ రెండు ముక్కులకీ బొట్లు పెట్టాను. ఓపిట్జ్ గారు కంచె అవతల టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. బండికైతే కాయని నేల మీద కొడతాం. పడవకెలా? పెద్ద ఓడలకి ముక్కు మీద సీసా కొట్టడం టీవీలో చూశాను. వాళ్ల పద్ధతీ మన పద్ధతీ రెండూ కలిసొస్తాయని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఎడం పక్క ముక్కు మీద నా డెబ్బై ఎనిమిది కిలోలూ వేసి కొట్టాను.

కాయ లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడే మీరు కిటికీ తెరిచారు. "రత్నం, కాయ పగిలిందా?" అన్నారు. గొంతు మీది కాదు, అయినా మీదే.

"లేదండీ, మీ పడవ పగిలింది. కాయకి పీచు కూడా ఊడలేదు" అన్నాను.

మీరు నవ్వారు. కిటికీ చట్రం పట్టుకుని, పొట్ట పట్టుకుని, అదివరకటిలా వంగిపోయి నవ్వారు. డిసెంబరు తర్వాత అదే మొదలు. ఆ నవ్వు దగ్గులోకి పోయింది, దగ్గు ఆగలేదు, మీరు గదిలోనే కిందికి జారి కిటికీలో కనపడకుండా పోయారు. నేను చేతులకి పసుపుతోనే మెట్లెక్కి మీ తలుపు ముందు పడ్డాను. ఏ చప్పుడూ లేదు. ఎంతసేపో నాకు తెలీదు. తర్వాత ఒక దెబ్బ పడింది. ప్రాణం వచ్చింది. వెంటనే రెండోది పడింది. ప్రాణం పోయింది. ఫోన్ తీసి నంబరు నొక్కబోతుంటే లోపల్నించి నెమ్మదిగా, "ఊరికే" అన్నారు.

ఊరికేనా? ఊరికేనా అండీ? ఇన్నేళ్లూ నేను చేసిన వాటన్నిటికీ ఒక్క దెబ్బతో బదులు తీర్చుకున్నారు. మెట్ల మీద కూచుని తిట్టుకుంటూ నవ్వాను, నవ్వుకుంటూ తిట్టాను.

కింద ఓపిట్జ్ గారు పాలిపోయి ఉన్నాడు. కన్నం చుట్టూ వేలితో నొక్కి చూడమన్నాడు. నొక్కితే ముగ్గిన బొప్పాయిలా లోపలికి దిగింది. మూడు చలికాలాలు తడి షెడ్డులో ఉండి లోపల మెత్తబడిందట, పైన రంగు బాగుండటంతో ఆయనకే తెలీలేదట. "చెరువు మధ్యలో ఇద్దరి బరువు మీద తెలిసుంటే..." అని ఆగిపోయాడు. వేసవిలోగా తనే బాగు చేసిస్తానన్నాడు. కాయ మాత్రం ఇంకా లోపలే దొర్లుతోంది, బయటికి రావట్లేదు.

శనివారం వచ్చేవాడికి రావద్దని చెప్పేశాను. శాంతక్కకి నేనింకా ఏమీ చెప్పలేదు, కాబట్టి ఇప్పుడు కాదనాల్సిన పనీ లేదు. లక్ష్మణరావు గారి చోటు మీరు ఎక్కడ ఉంచుకుంటారో నాకు తెలీదు. ఆ మధ్యలో వల వెడల్పుగానే ఉంది. నేను సర్దుకు కూచుంటాను. ముందు మీ ఊపిరి బాగవ్వాలి, తర్వాత దాని ముక్కు, తర్వాత నా ఈత.

ఒక్కటి మాత్రం మీరు ఓపిట్జ్ గారికి మళ్లీ రాయాలి. నేను ఎనభై రెండు. బాత్రూములో మిషను మీద మీరూ చూశారు. నన్ను తగ్గించి చెప్పడం మీ మర్యాదే కావచ్చు గాని, గాలి వచ్చినప్పుడు ఆ నాలుగు కిలోలు కూడా మీకు కావాలి.

మీ పడవకి రెండో పక్క బరువు,
రత్నం