చింతపండుకు పోయిన బంగారు అక్షరాలు

కానింగ్ వేల్, మంగళవారం

మా ఆయన కొన్న పాత యంత్రాన్ని ఈరోజు చింతపండుతో తోమాను. తుపాకీ గుళ్లకు గ్రీజు పట్టించి, అన్నిటినీ ఒకే కొలతకు నొక్కే చేతి ప్రెస్సు అది. చీమ కనబడితే కాగితం మీదకెక్కించి బయట వదిలే మనిషికి ఇదేం సరదానో! ఇంట్లో తుపాకీ లేదు, గుండు లేదు. పాత ఇనుమును మళ్లీ కదిలించడమే ఆయన ఆనందం.

లోపల గడ్డకట్టిన గ్రీజంతా ఆయనే ఓపిగ్గా తీశారు. పైన మకిలి చూసి నా చేయి ఊరుకోలేదు. పూజ సామానులా పీచుపెట్టి రుద్దాను. కంపెనీ పేరు రాసిన బంగారు రంగు అక్షరాలు మకిలితోపాటే కొట్టుకుపోయాయి. అవి చెక్కుచెదరలేదనే ఆయన దాన్ని ముచ్చటపడి కొన్నారు.

సాయంత్రం తిట్లకు సిద్ధపడి గరాజ్‌లో నిలబడ్డాను. ఆయన యంత్రాన్ని వెలుతురు వైపు తిప్పారు.

"చూశావటే, అక్షరాలు ఎంత బాగా తేలాయో! నీ చేతిలో పనితనం ఉందే."

వెటకారమనుకున్నాను. కాదు. ఉత్త ఇనుము మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివి వినిపించారు.

"ఒకసారి కళ్లు చూపించుకోకూడదుటండీ?"

"నా కళ్లకేమే? రోజూ మనవరాల్ని కార్లో స్కూల్‌కి దింపేది ఎవరు, నువ్వా?"

కారు తాళాలు నా దిండు కింద పెట్టుకున్నాను. పొద్దున వెతుక్కుంటారు. ఇన్నేళ్లలో ఆయన్ని అనని మాట లేదు గాని, ఈ ఒక్కటి ఎలా అనాలో...