కెర్స్‌లేక్ గారి పురుగుల సొరుగు

3 మార్చి 1963, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక బస్సెక్కి కెర్స్‌లేక్ హౌస్‌కి వెళ్ళాను. వరసగా నాలుగో ఆదివారం. అక్కడి గుమ్మంలో టికెట్ చింపుతూ మిసెస్ పాస్కో, ఏం పిల్లా, ఆ పురుగులు నీకు చుట్టాలా అంది. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

చుట్టాలే. ఆ జవాబు తిరిగొచ్చి బస్సు దిగాక తోచింది.

సొరుగులో అరవై రెండు పెంకుపురుగులు. ఒక్కొక్కటీ సూదికి గుచ్చి ఉంది. కింద, అదే సూదికి, గోరంత చీటీ. దొరికిన చోటు, తేదీ. ఆ రాత నాన్నది. ఇరవై ఆరేళ్ళు ఇక్కడ తోటమాలి. కొండమీద కుళ్ళిన దుంగలు తిరగేసి వీటిని పట్టింది ఆయనే. సొరుగు మీది ఇత్తడి పలకపై మాత్రం ఇంటి యజమాని కెర్స్‌లేక్ దొరగారి పేరు. దొరగారు పోయాక ఇల్లు మ్యూజియం అయింది. పోయిన ఆగస్టులో నాన్నా పోయాడు.

10 మార్చి

24న లాన్సెస్టన్ నుంచి పురుగుల నిపుణుడు డాక్టర్ రెనిక్ వస్తాడట. సొరుగులకు అద్దం బిగించి సీలు వేస్తారట. కొత్త బోర్డు కూడా: అన్నీ కెర్స్‌లేక్ గారు స్వయంగా పట్టినవని. పాస్కో మురిసిపోతూ చెప్పింది. దొరగారి బూటుకి ఏనాడూ మట్టి అంటలేదు.

అలాగా అన్నాను.

13 మార్చి, సాయంత్రం 5

నేను పనిచేసే లైబ్రరీ మూశాక మ్యూజియం వాళ్ళకి ఉత్తరం రాశాను. చింపేశాను. రాత నాన్నదని నేనంటే సరిపోతుందా? పోల్చి చూపడానికి ఇంట్లో ఆయన రాసిన కాగితం ఒక్కటీ లేదు.

17 మార్చి

వెళ్ళలేదు. వాన.

అబద్ధం. వాన లేదు.

19 మార్చి

గుర్తొచ్చింది!

కాన్వెంట్లో పన్నెండేళ్ళప్పుడు, ప్రశ్న అడిగితే నోరు విప్పనని సిస్టర్ ఇగ్నేషియస్ నాచేత వందసార్లు రాయించింది: అడిగినప్పుడు గట్టిగా జవాబు చెబుతాను. నాన్న ఆ కాగితాలు చూసి, ఇంత మందపు కాగితం పారేస్తామా తల్లీ అన్నాడు. వంటగది బల్లమీద నా కుట్టుకత్తెరతో పురుగుల కిందికి చీటీలుగా కోశాడు.

వాటి వెనక నా రాత ఉంది.

24 మార్చి, మధ్యాహ్నం 1

బస్టాపు.

24 మార్చి, సాయంత్రం

డాక్టర్ రెనిక్‌కి జలుబు. ఆయన వెనకే నిలబడ్డాను. మూడుసార్లు నోరు తెరిచి మూశాను. పాస్కోయే అంది, డాక్టరు గారూ, నెల్లాళ్ళుగా ఈ పిల్ల ఏదో నోట్లో పెట్టుకు తిరుగుతోంది, కక్కమనండి అని.

చీటీ తిప్పి చూడండి అన్నాను. తిప్పకూడదమ్మా, ఎండిన కాళ్ళు, ముట్టుకుంటే ఊడతాయి అన్నాడు. ఇవి మా నాన్న పట్టినవి, చీటీల వెనక అడిగినప్పుడు గట్టిగా జవాబు చెబుతాను అన్న నా రాత ముక్కలు ఉంటాయి, లేకపోతే మళ్ళీ ఈ గుమ్మం తొక్కను అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

పట్టకారుతో చీటీ కిందికి లాగాడు. ఒక కాలు ఊడింది. వెనక ఊదా సిరాతో నా రాత: గట్టిగా. రెండోదాని వెనక: జవాబు.

పాస్కో నవ్వలేదు. మీ నాన్న పేరేమిటమ్మా అని అడిగింది. మార్టిన్ డెవనీ అన్నాను. ఆయన పోయాక ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి. డాక్టరు రాసుకున్నాడు.

31 మార్చి

బోర్డు మీద నాన్న పేరు ఉంది. పాస్కో డబ్బులు తీసుకోలేదు. చుట్టాలకి టికెట్ ఏమిటే అంది.

సీలు వేసేశారు. లోపల అరవై రెండు పురుగుల కింద నేను గట్టిగా జవాబు చెబుతున్నాను. అడిగేవాళ్ళు లేరు.