టెర్రస్ మీద కాక్టస్ పూసింది

హాబ్సన్‌విల్,
నవంబరు 13, 2016.

చి.ల.సౌ. ఆశాజ్యోతికి,

బావ దీవించి రాసే ఉత్తరం. ఇక్కడ నేను కులాసా. వేళకు తింటున్నాను, ఆఫీసుకు వెళ్ళొస్తున్నాను. ప్రొద్దుటూరులో నువ్వూ, మీ పద్మక్క ఇంట్లో అందరూ కుదురుగా ఉన్నారని అనుకుంటాను. ఫోన్‌లో మనం “తిన్నావా”, “తిన్నాను” దగ్గరే ఆగిపోతున్నాం. నువ్వు కాగితం మీద రాయడమే మంచిదైంది. నేనూ అలాగే జవాబు రాస్తున్నాను.

కాక్టస్ మొక్కలు ఇక్కడి జూన్, జూలై చలికాలం దాటాయా అని అడిగావు. వానలు మొదలయ్యేలోపు కుండీలన్నీ చూరు కిందికి జరపమని చెప్పి వెళ్ళావు. జరపలేదు. మరిచిపోయి కాదు, గుర్తుండే జరపలేదు. జూలై నెలంతా తడిశాయి. ఆగస్టులో చూస్తే, నువ్వు అందరికీ చూపించుకునే ఆ గుండ్రటి పెద్ద మొక్క అడుగున మెత్తబడి ఉంది. చెంచాతో నొక్కితే లోపలికి దిగిపోయింది. తీసి పారేసి, చేతులు కడుక్కుని, ఆఫీసుకు వెళ్ళిపోయాను.

మిగతా పదకొండూ బతికాయి. ఆ సాయంత్రమే వాటిని గోడవారకు చేర్చాను. సెప్టెంబరులో ఒక ఆదివారం మట్టి మార్చాను. పాత పేపరు పట్టీలా మడిచి, మొక్క నడుముకు చుట్టి ఎత్తాలని నువ్వు చూపించావు కదా, అలాగే ఎత్తాను. అయినా వేళ్ళకు ముళ్ళు దిగాయి. రెండు రోజులు తీసుకోలేదు. సగం మట్టి, నీళ్ళు నిలవకుండా సగం ప్యూమిస్ రాయి కలిపాను. ఒకదానికి తెల్లగా పిండినల్లి పురుగు పడితే దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాను. ఎండ ముదిరాక పది రోజులకోసారి నీళ్ళు పోస్తున్నాను.

ఇంతవరకు పూయని ఆ మొక్క పూస్తే ఏ రంగని అడిగావు. షాపులో తెలుపన్నారు గానీ కాదు, లేత గులాబీ. అక్టోబరు చివర బూడిదరంగు నూగుతో మొగ్గ వేసింది. మొన్న శుక్రవారం సాయంత్రం విచ్చుకోవడం మొదలుపెట్టి, శనివారం పొద్దుటికి అరచెయ్యంత అయింది. మధ్యాహ్నానికి వాడిపోయింది. నేను పక్కనే కుర్చీ వేసుకుని చూశాను. అందంగా ఉందని తెలిసింది. అంతకు మించి నాలో ఏమీ కదల్లేదు. ఉన్నదే రాస్తున్నాను.

అప్పుడే పక్కింటి టెర్రస్ మీదికి ఒక పెద్దావిడ వచ్చింది. పేరు రాజేశ్వరమ్మ. అనంతపురం నుంచి కొడుకు దగ్గరికి వచ్చి వారమైంది. మధ్యలో ఉన్నది నడుమెత్తు గోడే కదా, ఇటు తొంగి చూసింది.

“ఏం నాయనా, మా చేని గట్ల మీద మొలిచే ముళ్ళచెట్లను కుండీల్లో పెట్టి సాకుతాండావా?”

“నావి కాదు ఆంటీ, మా ఆవిడవి. ఊరికెళ్ళింది.”

“ముళ్ళదైతేనేమి, పువ్వు పువ్వేలే. పిల్లోళ్ళెంతమంది?”

“ఒక పాప,” అన్నాను.

“పాప యాడుంది? పండుకోనుందా?”

నీళ్ళ క్యాన్ అక్కడే పెట్టి లోపలికి వచ్చేశాను. ఆవిడ మళ్ళీ పిలవలేదు. సాయంత్రం చూస్తే గోడ మీద మూత పెట్టిన గిన్నెలో బొరుగుల ఉగ్గాని ఉంది.

నా నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. ఎవరో కొత్త మనిషికి చెప్పి నీ దగ్గర దాచడం న్యాయం కాదనిపించింది.

ఆశా, ఏప్రిల్‌లో నీకు మత్తు దిగాక పాపను చూస్తావా అని నర్సు అడిగింది. నువ్వు గోడవైపు తిరిగి వద్దన్నావు. ఆమె వెళ్ళాక, “నువ్వు చూశావా బావా?” అన్నావు. లేదన్నాను. “మంచిదే. ఇద్దరం చూడలేదు,” అన్నావు. ఆ మాట పట్టుకుని నిద్రపోయావు. దాన్ని నీ చేతిలోంచి లాక్కోలేకపోయాను.

నేను చూశాను. నువ్వింకా ఆపరేషన్ థియేటర్‌లో మత్తులో ఉండగానే, ఊపిరి లేకుండా పుట్టిన పాపను ఉన్ని దుప్పట్లో చుట్టి నా చేతికిచ్చారు. గంటకు పైగా ఎత్తుకున్నాను. తలనిండా జుట్టు. కుడిచెవి అంచు కాస్త మడతపడి, అచ్చం నీ చెవిలాగే ఉంది. మొదట్లో వెచ్చగానే ఉంది. తర్వాత లేదు. నర్సు చిన్న కార్డు మీద పాదాల ముద్రలు తీసిచ్చింది. అది ఆఫీసులో నా డ్రాయర్‌లో ఉంది. శ్మశానానికి వెళ్ళేసరికే పెట్టె మూసేశారని నీకు చెప్పాను. మూసింది నేనే.

ఆ రోజు నుంచి నా మనసుకు ఏదీ తగలడం లేదు. బావ రాయిలా ఉన్నాడని పద్మక్కతో అన్నావట. కోపం రాలేదు, నిజమే గనక.

“నన్ను రమ్మంటావా” అని ఉత్తరం చివర్లో అడిగావు. రమ్మనే అంటాను. కానీ ఇది తెలియకుండా నువ్వు వచ్చి ఈ ఇంట్లో ఉండటం నాకిష్టం లేదు. చదివి, కోపం వస్తే కోపగించుకుని, అప్పుడు నిర్ణయించుకో. కార్డు చూడాలనిపిస్తే రిజిస్టర్ పోస్టులో పంపుతాను. వద్దంటే నా దగ్గరే ఉంటుంది.

ఇంకొక్క మాట. ఆస్పత్రివాళ్ళు నింపమని ఇచ్చిన కాగితంలో పాప పేరు రాయాల్సిన చోట గీత గీశాను. ఒక్కడినే పెట్టబుద్ధి కాలేదు. నీకేదైనా తోస్తే రాయి.

ఇట్లు,
నీ బావ
ఉదయభాస్కర్