తలుపుల మీద సుద్ద గుర్తులు

ఆదివారం, పెనుగంచిప్రోలు

ఇవాళ పోలియో చుక్కల ఐసుపెట్టె భుజాన వేసుకుని మొదటిసారి క్వారీ పక్క గుడిసెలకు వెళ్లాను. మా సూపర్‌వైజరూ వచ్చాడు. ప్రతి తలుపు మీదా పోయినసారి సుద్దతో వేసిన గుర్తు ఉంది. అంటే ఆ ఇంటి పిల్లలకు చుక్కలు వేసినట్టు లెక్క.

రాళ్లు కొట్టే కోటమ్మ నన్ను చూడగానే చంటిదాన్ని కొంగుచాటున దాచేసింది.

"గుర్తేసుకుని పోయారు. పిల్లల్ని చూడనే లేదమ్మా" అంది.

నేను బతిమాలాను.

"జరానికి మందడిగితే లేదంటారు. అడక్కుండానే ఈ చుక్కలెందుకు తెస్తారు? ఏం చేద్దామని?"

వంగి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. చంటిదాని ఒళ్లు నిజంగానే వెచ్చగా ఉంది.

"గుర్తేసెయ్యమ్మా, పోదాం. బస్సు టైమైంది" అన్నాడు సూపర్‌వైజరు.

"చుక్కలు వెయ్యలేదు కదండీ."

"ఎవరు చూడొచ్చారు?" అని నవ్వాడు.

పోయినసారి గుర్తులు ఎవరు వేశారో అప్పుడు అనుమానం వచ్చింది. అడగలేకపోయాను. గుర్తు మాత్రం వెయ్యలేదు. పై ఆఫీసులో చెబుదామంటే, వాళ్లకు ముందే తెలుసేమో...

పొద్దున్నే జ్వరం మందు, ఐసుపెట్టె తీసుకుని కోటమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్తాను. సూపర్‌వైజరుకు చెప్పను.