మైదానంలో నా చీర

సీతారాండేరా,
ఆదివారం

హాసినీ,

ఎదురుగా అడిగితే హిందీలో ఏదో చెప్పి తప్పించుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. కలకత్తా ఆఫీసు ఉద్యోగానికి నిన్ను ఒప్పించమని మీ నాన్న నన్ను పట్టుకున్నాడు. రేపటిలోగా నువ్వు జవాబివ్వాలట. దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడిన పిల్లవు, గోల్‌మురి బస్తీ పిల్లలకు ఆట నేర్పుతూ ఎందుకు ఉండిపోయావో తెలియకుండా ఎలా ఒప్పించను? అందుకే నిన్న చెప్పకుండా మైదానానికి వచ్చి, గోడ పక్కన నిలబడ్డాను.

మొదట కనిపించింది నా నీలం చీర. పోయిన నెల నువ్వు వచ్చి వెళ్లాక బీరువాలో దొరకనిది. ఇద్దరు పిల్లలు దాన్ని చెరో కొసా పట్టుకుని, ఆఖరి డిఫెండర్ ఎటు కదిలితే అటు పరుగెడుతున్నారు. ఇంతలో నువ్వు ఈల వేశావు. ఎందుకని పక్కనున్న నీ శిష్యురాలు సుకీర్తిని అడిగాను.

"ఆఫ్‌సైడ్ మామ్మగారూ! బంతి తన్నకముందే ఆ పిల్ల చీర దాటీసినాది. తన్నినాక దాటితే ఏటీ అనరు. అక్క ఆటలన్నీ టీవీలో చూసి ఇదీ తెల్దేటి?"

తెలియదు. టీవీలో గీత పక్కన పరుగెత్తే మనిషి జెండా ఎందుకు ఎత్తుతాడో నిన్ననే తెలిసింది. ఒక సందేహం మాత్రం మిగిలింది. బంతి తన్నేటప్పుడు ఆ పిల్ల సరిగ్గా చీర దగ్గరే ఉంటే తప్పా, కాదా? అక్కనే అడగమంది సుకీర్తి. నువ్వు చెప్పాలి.

మీ నాన్న చెప్పమన్నది చెప్పాను. ఉండిపోవాలనే నీ మనసులో ఉంటే, వాడితో నేను మాట్లాడతాను. ఆట రెండు వైపులా సాగుతుంటే చీర ఒక వైపే ఉంది. రెండో వైపుకు సుకీర్తి చేత ఆకుపచ్చ చీర పంపుతున్నాను.

నీలం చీర మాత్రం అడిగి తీసుకోవలసింది.

మామ్మ